మట్టిబొట్టు గుట్టు చాటిన టక్కన్న

ఈతవాగు అడవిలో వాగు పొడవునా ఈతచెట్లు ఉండేవి. మట్టల చివర గూళ్ళు వేలాడుతూ ఉండేవి. ఆ అడవిలో పిచ్చుకలు, ఉడతలు, ఒక తీతువు పిట్ట, ఒక వడ్రంగిపిట్ట, ఒక నక్క కాపురం ఉండేవి. అందరికీ పెద్ద దిక్కు ముసలి ఏనుగమ్మ. ఇక ఆ గూళ్ళన్నీ అల్లినవాడు గిజిగాడు.

గిజిగాడు పొద్దున లేస్తే గడ్డిపరకలు చీలుస్తూనే ఉండేవాడు. పిచ్చుకలకు అల్లిక రాదు. అందుకని వాటికి కూడా అతనే గూళ్ళు అల్లి ఇచ్చేవాడు. రోజంతా అల్లుతూ కూర్చుంటే మేతకు వెళ్ళే తీరిక ఎక్కడిది? గూడు తీసుకున్న పిట్టలే అతని పిల్లలకు గింజలు, పురుగులు తెచ్చిపెట్టేవి. ఆ పిల్లల కడుపు నిండేది ఆ అల్లిక వల్లనే.

గూటికి ప్రాణం తొలిముడి. ఆ ముడి గిజిగాడికి వాళ్ళ నాన్న నేర్పాడు. ఎవరూ దాన్ని చూసి కాపీ కొట్టకుండా అతను దాని మీద తడిమట్టి అద్ది బొట్టు పెట్టేవాడు. ఎండితే అది రాయిలా గట్టిపడేది. ఏనుగమ్మ కూడా అడవికంతటికీ ఒక కట్టుబాటు పెట్టింది. గిజిగాడి బొట్టు ఎవరూ ఊడదీయకూడదు, ఊడదీసే దారి ఎవరూ చాటకూడదు. గూడు చెడితే గిజిగాడి దగ్గరకే వెళ్ళాలి. అతను వినకపోతే ఏనుగమ్మ దగ్గరకు రావాలి. అందరూ సరేనన్నారు. వడ్రంగిపిట్ట అయితే అందరికంటే గట్టిగా తల ఊపాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే అతను మరిచిపోతాడు.

ఆ వడ్రంగిపిట్ట పేరు టక్కన్న. వాగు ఒడ్డున ఎండిన మద్దిమాను మీద కూర్చుని అతను ముక్కుతో కొడితే అడవంతా చెవి ఒగ్గేది. ఎవరికైనా కబురు చాటాలంటే టక్కన్న దగ్గరకో, తీతువు దగ్గరకో వెళ్ళేవారు. కబురు చివర 'ఇది ఫలానావారి మాట' అని చెప్పడం ఆ అడవి ఆనవాయితీ. రేపు మాట తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలి కదా.

నక్క సంగతి చెప్పేదేముంది. రోజూ ఈతచెట్ల కింద పడుకుని పైకి చూస్తూ ఉండేది. పైన పిల్లల కిచకిచలు వినిపించేవి. ఒక్క గూడు కూడా రాలేది కాదు.

ఒకరోజు ఎవరో వదిలేసిన పాతగూడు ఒకటి మట్టతో సహా విరిగి కింద పడింది. నక్క దాన్ని అటు పీకి ఇటు పీకి, చివరికి మట్టిబొట్టు ఊడే ఉపాయం కనిపెట్టింది. ఎలా ఊడిందో నేను చెప్పను. చెబితే నాకూ టక్కన్నకూ తేడా ఏముంటుంది?

నక్క ఇంకొకటి కూడా చూసింది. బొట్టు ఊడిన గూడు కాస్త గాలికే పరకలు పరకలుగా విడిపోయింది. దాని నోట్లో నీళ్ళూరాయి. చెట్టెక్కడం తనకు చేతకాదు. పైనున్న పిట్టలే తమ చేతులారా బొట్లు ఊడదీసుకుంటే, ఇక ఒక్క గాలివాన చాలు.

నక్క ముందు తీతువు దగ్గరకు వెళ్ళి, బొట్టు ఊడే ఉపాయం చెప్పి చాటమంది, పిట్టల మేలు కోరి వచ్చానంది. ఈ ఉపాయం తెలిస్తే ఎవరి గూడు వాళ్ళే బాగుచేసుకుంటారని, ముడి చూసి సొంతంగా అల్లుకుంటారని, ఇక గిజిగాడికి గింజలు మోయనక్కరలేదని చెప్పింది. తీతువు అంతా విని ఒకే మాట అడిగింది.

"చివర ఎవరి మాట అని చెప్పమంటావు?"

నక్క అటూ ఇటూ చూసి, పేరుదేముందిలే అని నసిగింది. పేరు చెప్పుకోలేని మాట తన నోట రాదని తీతువు తేల్చేసింది. అంతటితో ఊరుకోలేదు. తిన్నగా గిజిగాడి దగ్గరకు ఎగిరిపోయి, బొట్టు ఎలా ఊడుతుందో అతని ఒక్కడి చెవిలో చెప్పింది. గిజిగాడు దణ్ణం పెట్టి, ఆ పూట నుంచే మట్టిలో తుమ్మజిగురు కలపడం మొదలుపెట్టాడు. కొత్త గూళ్ళకు అది సరిపోయింది. పాత గూళ్ళన్నింటికీ మళ్ళీ బొట్టు పెట్టాలంటే మాత్రం చాలా రోజులు పడతాయి. ఆ రోజులు అతనికి దక్కలేదు.

నక్క టక్కన్న దగ్గరకు చేరింది. ఈసారి బాగా ఆలోచించుకునే వచ్చింది.

"టక్కన్నా, ఇంత గొప్ప ఉపాయం నావంటిదాని పేరు మీద చాటితే ఎవరు వింటారు? నీ పేరే పెట్టుకో. కీర్తంతా నీదే."

టక్కన్న జుట్టు నిక్కబొడుచుకుంది. ఏనుగమ్మ పెట్టిన కట్టుబాటు గుర్తుకు రాలేదు, గిజిగాడి పిల్లలు గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చింది తన పేరొక్కటే. చెప్పుకోవడానికి మాత్రం, పాపం పిచ్చుకలు గూడు బాగుచేసుకోలేక అవస్థ పడుతున్నాయని జాలిపడ్డాడు. ఏ పిచ్చుకా వచ్చి అతని దగ్గర మొరపెట్టుకోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

అతను మద్దిమాను ఎక్కి టకటకా కొట్టాడు. బొట్టు ఎలా ఊడదీయాలో మొదటి నుంచి చివరి దాకా, చంటిపిట్టకు కూడా అర్థమయ్యేలా చాటాడు. చివర గొంతు సవరించుకుని, "ఇది టక్కన్న మాట" అన్నాడు.

అప్పటి నుంచి అడవిలో ఎక్కడ చూసినా బొట్లు ఊడదీయడమే. పిచ్చుకలు ముడి చూశాయి, అలాగే వేశాయి, చుట్టాలకు పక్కాలకు కూడా గూళ్ళు అల్లి ఇచ్చాయి. చూడడానికి అచ్చం గిజిగాడి గూళ్ళే. చూసి వేస్తే ముడి వస్తుంది గానీ, పరకను ఎంత బిగించాలో తెలిసే ముక్కు వస్తుందా? గిజిగాడి ఇంటికి గింజ తెచ్చేవాళ్ళు లేకుండా పోయారు. అతనొక్కడే వెతికి తెచ్చేది చాలక పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరిచి అరిచి సొమ్మసిల్లాయి. మొన్నటిదాకా అతని గూట్లో వెచ్చగా పడుకున్న పిట్టలు ఆ పక్కనుంచే ఎగిరిపోతూ తల తిప్పి చూడలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

తరువాత గాలివాన వచ్చింది. నకలు గూళ్ళు పరకలై కొట్టుకుపోయాయి. బొట్టు ఊడదీసిన పాత గూళ్ళు కూడా విచ్చుకుపోయాయి. చిన్నారి అనే పిచ్చుక గూడు పిల్లలతో సహా చెట్టు కింద పడింది. కింద నక్క ఉంది. వాన వెలిసేసరికి చిన్నారికి పిల్లలు లేరు.

చిన్నారి ఏడుస్తూ ఏనుగమ్మ దగ్గరకు వెళ్ళింది. ఆకలితో సోలిపోతున్న పిల్లలను వెంటబెట్టుకుని గిజిగాడు కూడా వచ్చాడు. ఏనుగమ్మ టక్కన్నను, నక్కను పిలిపించింది.

టక్కన్న కాస్తయినా సిగ్గుపడలేదు. "నా ముక్కు ఒక్క గూటిని కూడా తాకలేదు. ఒక్క బొట్టు నేను ఊడదీయలేదు. తెలిసింది చెప్పానంతే. చెప్పడం కూడా తప్పేనా?" అన్నాడు.

చూశారా ఎంత మాటన్నాడో. పిల్లలను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే, తన ముక్కు శుభ్రంగా ఉందని చూపించుకుంటున్నాడు. దొంగకు ఇంటి దారి చూపించి, గడప నేను దాటలేదంటే సరిపోతుందా?

ఏనుగమ్మ నెమ్మదిగా అంది. "ఊడదీయకూడదన్నది సగం కట్టుబాటు. చాటకూడదన్నది మిగతా సగం. నువ్వు తల ఊపింది రెండింటికీ."

అప్పుడు టక్కన్న గొంతు తగ్గింది. ఆ ఉపాయం తనది కాదని, నక్క వచ్చి చెప్పిందని అన్నాడు. నక్క కళ్ళు పెద్దవి చేసి, "నేనా? చివర నా పేరు ఎవరైనా విన్నారా?" అంది. ఎవరూ వినలేదు. అడవంతా విన్నది ఒకటే పేరు.

తీతువు ముందుకు వచ్చి, నక్క మొదట తన దగ్గరకే వచ్చిందని సాక్ష్యం చెప్పింది. ఏనుగమ్మ నక్కను వాగు అవతలికి తరిమేసింది. నక్కకు పోయిందేముంది? అవతల ఇంకో అడవి ఉంది. అది తోక ఆడించుకుంటూ పోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"నక్క వచ్చి చెప్పిన మాట నిజమేగా," అన్నాడు టక్కన్న ఆశగా.

"నిజమే. కానీ ఆ మాటకు పేరు పెట్టుకుంది నువ్వు. పొగడ్త వస్తే నీది, తప్పు వస్తే నక్కదా?" అంది ఏనుగమ్మ.

మద్దిమాను ఇక టక్కన్నది కాదని ఆమె తీర్పు చెప్పింది. అతని మాట ఎవరూ వినకూడదంది. గూళ్ళు పోయిన పిట్టలకు మానుల్లో తొర్రలు తొలచి ఇవ్వాలి, గిజిగాడి పిల్లలకు రెక్కలు వచ్చేదాకా పురుగులు మోయాలి. చాటింపు పని తీతువుకు దక్కింది. పిచ్చుకలు తలలు వంచుకుని మళ్ళీ గిజిగాడి ఇంటికి గింజలు మోశాయి.

ఇప్పటికీ అడవిలో తీతువు ఒక్క కూత కూస్తే లేళ్ళు కూడా మేత ఆపి తలెత్తుతాయి. వడ్రంగిపిట్ట పొద్దస్తమానం మాను కొడుతూనే ఉంటాడు. ఏ పిట్టా తల తిప్పదు. తొర్ర సిద్ధమైనప్పుడు మాత్రం చిన్నారి వచ్చి లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

నీతి: ఒకరి కష్టానికి వేసిన తాళం తీసే దారి చాటినవాడు, 'నేను తాళం ముట్టుకోలేదు' అంటే తప్పించుకోలేడు, గొప్ప కోసం పెట్టుకున్న పేరు మీదకే శిక్ష కూడా వస్తుంది.