నాలుగో బాప్తిస్మం

"అయ్యగారూ, నాకు మళ్ళీ బాప్తిస్మం ఇవ్వండి."

శనివారం మధ్యాహ్నం. గడ్డిపాలెం ప్రార్థన మందిరం అరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకు నూనె వేసుకుంటున్న జక్కరయ్య పాస్టరుగారు తలెత్తి చూశారు. ఎదురుగా ఫిలేమోను నిలబడి ఉన్నాడు. ఆరేళ్ళుగా ఆయన దగ్గర వాక్యం నేర్చుకుంటున్న శిష్యుడు. చంకలో ఉతికి మడతపెట్టిన తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. ముఖమే మూడు రోజులుగా ఉతకనట్టుంది.

"మళ్ళీ అంటే ఎన్నోదిరా?"

"నాలుగోది అయ్యగారూ."

పాస్టరుగారు పెడలు రెండు చుట్లు తిప్పి, గొలుసు చప్పుడు విన్నారు.

నవ్వేవాళ్ళు నవ్వండి, తప్పులేదు. ఆ ఊళ్ళోవాళ్ళూ నవ్వారు. నవ్వే స్థితిలో లేనివాడు ఫిలేమోను ఒక్కడే.

పంతొమ్మిదో ఏట జక్కరయ్యగారే వాణ్ణి కాలువలో ముంచి లేపి, ఫిలేమోను అని పేరు పెట్టారు. రెండేళ్ళు బాగానే నడిచాడు. తర్వాత ఒకసారి వరికోతల్లో గట్టు దగ్గర ఎవరితోనో కలియబడి తల పగలగొట్టుకున్నాడు. నా రక్షణ పోయిందని ఏడ్చి, సువార్త కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడి చేత మళ్ళీ మునిగాడు. ఆయన జయపాల్ అని పేరు పెట్టాడు. ఇంకో నాలుగేళ్ళకు నోరు జారి పినతండ్రిని తిట్టరాని తిట్టు తిట్టాడు. ఈసారి ఎక్కడినుంచో వచ్చిన దైవజనుడు ఏకంగా సముద్రంలోనే ముంచి, నవజీవన్ అన్నాడు. పదకొండేళ్ళలో మూడు మునకలు, మూడు పేర్లు, మూడు బాప్తిస్మం కాగితాలు.

టీ బంకు దగ్గర కుర్రకారు వదిలేవారా? "ఒరే, ఇవాళ నిన్ను ఏ పేరుతో పిలవాలో చెప్పు. పాతదా, కొత్తదా, నడిమిదా?" అనేవాళ్ళు. వాళ్ళమ్మ దీనమ్మకు మాత్రం ఈ గొడవేం లేదు. పుట్టిననాటినుంచీ "చినబ్బాయ్" అనే పిలుస్తుంది.

ఇక బుధవారం జరిగింది చెబుతాను.

ఆ రోజు ఉపవాస ప్రార్థన. ఫిలేమోనే వాక్యం చెప్పాడు. సాత్వికం మీద గంటన్నర చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. దేవుడు వాడికి అంత మాట ఇచ్చాడు మరి. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టని కడుపుతో ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. ఇంట్లో అక్కగారి అత్తవారి తరఫు చుట్టాలున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఉప్పెయ్యలేదా?"

దీనమ్మ చుట్టాల వైపు తిరిగి నవ్వింది. "మావాడు ఇప్పుడే ఊరందరికీ ఓర్పు బోధించి వచ్చాడమ్మా. అందరికీ పంచిపెట్టి, తనకు కాస్త ఉంచుకోవడం మర్చిపోయాడు."

చుట్టాలు పకపకా నవ్వారు. కంచం గాల్లోకి లేచింది. అన్నం వాకిలంతా పడింది. కోళ్ళకు పండగ. దీనమ్మ కూర్చుని ఒక్కొక్క మెతుకూ ఏరసాగింది. ఆ వంగిన వీపు చూశాక వాడక్కడ నిలబడలేకపోయాడు. వచ్చి మందిరంలో పడుకున్నాడు. మూడు రోజులుగా అక్కడే ఉన్నాడు.

"ప్రార్థనకు మోకాళ్ళేస్తే మాట రావటంలేదు అయ్యగారూ," అన్నాడు ఫిలేమోను. "తండ్రీ అందామనుకుంటాను, నోరు పెగలదు. నేను ఆయన బిడ్డను కానేమో అనిపిస్తోంది. రేపు మీరు తొమ్మండుగురికి బాప్తిస్మం ఇస్తున్నారుగా. నన్ను పదోవాణ్ణి చెయ్యండి. లేకపోతే ఇంక వాక్యం చెప్పను, ఈ ఊళ్ళోనూ ఉండను."

"మీ అమ్మ దగ్గరికెళ్ళావా?"

"కొత్త మనిషినై వెళ్తాను. ఈ పాత మొహం పెట్టుకుని ఎట్టా వెళ్ళను?"

పాస్టరుగారు నూనె చేతులు గోనెపట్టాకు తుడుచుకున్నారు.

"కాగితాలు తెచ్చావా?"

తెచ్చాడు. సంచిలోంచి మూడూ తీసి అరుగు మీద వరసగా పెట్టాడు. ఒకటి మడతల దగ్గర చిరిగింది. ఒకదానికి అంచు బంగారు రంగు. ఆయన ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని మూడూ తాపీగా చదివారు.

"ఇందులో ఏది చెల్లదో నువ్వే చెప్పు. దాన్ని చింపేసి కొత్తది రాస్తా."

ఫిలేమోను మొదటిదాని మీద వేలు పెట్టబోయి ఆగాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"చెప్పరా. ఈ మూడుసార్లలో ఏసారి ప్రభువు రాలేదు?"

వాడు వేలు వెనక్కి తీసుకున్నాడు. "ఆయన వచ్చాడయ్యగారూ. జారిపోయింది నేనే."

"ఊఁ. సరే, పొద్దున్నే కాలువ దగ్గరికి రా," అన్నారాయన. మళ్ళీ సైకిలు పని చూసుకున్నారు.

ఆదివారం తెల్లవారుజామున చిన్న జల్లు పడి వెలిసింది. అక్కడిది నల్లరేగడి. రెండు చినుకులు పడితే చాలు, గట్టు మీద అడుగు తీసి అడుగు వేసేసరికి చెప్పు ఆ బురదలోనే ఉండిపోతుంది. అందుకని జనమంతా చెప్పులు చేతపట్టుకుని పాడుకుంటూ వచ్చారు. డోలక్ ఒకరి మెళ్ళో, కంజీర ఒకరి చేతిలో. కాలువ నిండుగా పారుతోంది.

జక్కరయ్యగారికి డెబ్భై దాటాయి. అయినా నడుంలోతు నీళ్ళలో రాయిలా నిలబడ్డారు. ఒక్కొక్కరే దిగారు. ఒక్కొక్కరే మునిగి లేచారు. లేచిన ప్రతిసారీ గట్టు మీద "స్తోత్రం!" అని ఒకటే కేక.

తొమ్మిదోవాడు బాతులు కాచే గోవిందు. తాడిచెట్టంత మనిషి. ముంచబోయిన పాస్టరుగారినే లాక్కుపోయేట్టున్నాడు. లేచి, ముక్కులోకి పోయిన నీళ్ళు చీదుకుంటుంటే పాస్టరుగారు అడిగారు.

"పేరు మార్చమంటావా గోవిందూ?"

"వద్దయ్యగారూ. మా బాతులకు ఈ పేరే తెలుసు."

గట్టంతా నవ్వు. ఆ నవ్వులోనే ఫిలేమోను నీళ్ళలోకి దిగాడు. నవ్వు ఆగిపోయింది. ఎవరో అననే అన్నారు, "అదుగో, మావాడు మళ్ళీ వచ్చాడు," అని.

వాడు చేతులు గుండెల మీద కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాస్టరుగారు వాడి నడినెత్తిన చెయ్యి పెట్టారు.

చెయ్యి కిందికి దిగలేదు.

"ముంచండి అయ్యగారూ."

"నీళ్ళ కిందికెళ్తే మీ అమ్మ కనపడదనా?"

ఆ మాట గట్టు మీదివాళ్ళకు వినిపించలేదు. వినిపించాల్సినవాడికి వినిపించింది. వాడు కళ్ళు తెరిచాడు. అప్పటికే పాస్టరుగారు నీళ్ళు తోసుకుంటూ గట్టెక్కుతున్నారు.

"రా," అన్నారు, వెనక్కి చూడకుండానే.

ఎక్కడికో ఎవరికీ తెలియదు. తడిబట్టలతో ఆయన ముందు, ఆయన వెనక ఫిలేమోను, వాడి వెనక తొమ్మండుగురూ, ఆ వెనక ఊరంతా. ఎందుకు నడుస్తున్నారో తెలియకపోయినా డోలక్ వాయించేవాడు ఊరుకుంటాడా? పాట ఎత్తుకున్నాడు. చీలమండల దాకా దిగబడే బురదలో ఆ ఊరేగింపు నేరుగా దీనమ్మ వాకిట్లోకి వెళ్ళి ఆగింది.

దీనమ్మ కాలువ దగ్గరికి రాలేదు. ఆ పూట బాప్తిస్మం పొందినవాళ్ళకు ప్రేమవిందు వంట ఆమెదే. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగలో పప్పు కలుపుతోంది. ఇంతమంది ఒక్కసారిగా వచ్చేసరికి తెడ్డు పట్టుకునే లేచి నిలబడింది.

"అప్పుడే వచ్చారేంది? అన్నం ఇంకా వార్చలేదు!"

"అన్నానికి కాదు దీనమ్మా," అన్నారు జక్కరయ్యగారు. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి. "మీవాడు మళ్ళీ పుట్టాలంటున్నాడు. ఇంకోసారి కంటావా?"

ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. దీనమ్మ ఆయన్ని చూసింది. ఆయన వెనక తల దించుకుని నిలబడ్డ కొడుకుని చూసింది.

"ఒక్కసారి కన్నందుకే ఈ నడుం ఇంకా నిమ్మళించలేదు. మళ్ళీ కనడమేంది అయ్యగారూ? పుట్టినోడు పుట్టాడు!"

"మరి కంచం విసిరాడుగా? కొడుకు కాకుండా పోలేదా?"

దీనమ్మ తెడ్డు గట్టిగా ఊపింది. పప్పు చుక్కలు పాస్టరుగారి చొక్కా మీద పడ్డాయి.

"కొడుకు కాబట్టే మూడు రోజులుగా నాకు ముద్ద దిగలేదు! పక్కింటోడు విసిరితే ఏడుస్తానా నేను?"

ఆమె గొంతు తగ్గించింది. "ఆ కాళ్ళేందిరా చినబ్బాయ్, అంత బురద? కడుక్కుని రా. తిందువుగాని."

ఫిలేమోను కదల్లేదు. కదలడం చేతకాలేదు. జక్కరయ్యగారు తొట్టి దగ్గరికెళ్ళి చెంబు ముంచారు. వచ్చి, ముసలి మోకాళ్ళు కటకటమంటుంటే శిష్యుడి ముందు నేల మీద కూర్చున్నారు.

"అయ్యగారూ! మీరెందుకు…" వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. పాస్టరుగారు మడమ పట్టి ముందుకు లాగారు. నల్లటి రేగడి వేళ్ళ సందుల్లోంచి కరిగి పారింది. వాడింక ఆపుకోలేకపోయాడు. చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అన్నాడు, "అట్టయితే తల మీద కూడా పొయ్యండి అయ్యగారూ! ఒళ్ళంతా పొయ్యండి!"

"నీ ఒళ్ళంతా తడిసి పదకొండేళ్ళయిందిరా," అన్నారాయన, బొటనవేలి గోటి కింద మట్టి తీస్తూ. "దారిలో మురికైంది పాదాలే."

రెండు కాళ్ళూ కడిగి, భుజం మీది తువ్వాలు తీసి తుడిచారు.

ఆ కడిగిన కాళ్ళతో ఫిలేమోను నాలుగడుగులు వేశాడు. అంతే, నాలుగే. కాలువకు పోయిన దూరం ముందు, సముద్రానికి పోయిన దూరం ముందు అవెంత? కానీ పదకొండేళ్ళలో వాడు అంత దూరం ఎప్పుడూ నడవలేదు.

"తప్పయిందమ్మా. అందరి ముందూ విసిరాను, అందరి ముందే అడుగుతున్నాను. క్షమించు."

తన ముందు మోకరిల్లిన వాడి తలను దీనమ్మ పొట్టకు అదుముకుంది. రెండో చేత్తో కళ్ళు తుడుచుకోబోయి, ఆ చేతిలో తెడ్డు ఉందని మర్చిపోయి చెంపంతా పప్పు పూసుకుంది.

"లే, లేరా! పప్పు అడుగంటుతోంది!"

అంతే. డోలక్ మీద దెబ్బ పడింది. అలాంటి దెబ్బ ఆ ఊళ్ళో క్రిస్మసుకు కూడా పడలేదు. చప్పట్లు, స్తోత్రాలు, ఏడ్చేవాళ్ళు, నవ్వేవాళ్ళు. టీ బంకు కుర్రాళ్ళు అందరికంటే గట్టిగా పాడారు. ఫిలేమోను తల పైకెత్తి "తండ్రీ!" అని ఒక్క కేక వేశాడు. మూడు రోజులుగా పెగలని గొంతు. ఆ కేక కాలువ అవతలి గట్టు దాకా వెళ్ళింది.

పాట సద్దుమణిగాక, వెనకనుంచి ఒక పెద్ద ఆకారం జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. బాతుల గోవిందు. తడిచొక్కా ఇంకా ఒంటికి అంటుకునే ఉంది.

"అయ్యగారూ, నాకొక భయం పట్టుకుంది. ఇవాళైతే మునిగాను. రేపు నా బాతులు ఎవరి చేలోనో పడతాయి, చేనుగలోడు నన్ను తిడతాడు, నా నోరు ఊరుకోదు. అప్పుడు నా గతేంది?"

జక్కరయ్యగారు శిష్యుడి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పరా."

జనం సర్దుకుని కూర్చున్నారు. ఫిలేమోను నోరు తెరిస్తే గంటన్నర అని వాళ్ళకు తెలుసు.

ఫిలేమోను గోవిందు ముఖం వంక చూశాడు. ఆ తర్వాత చూపు కిందికి దిగింది. గట్టు మీది బురదంతా ఆ రెండు పాదాల మీదే ఉంది.

వాడు తొట్టి దగ్గరికెళ్ళి చెంబు నింపుకొచ్చి, గోవిందు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.