చిలుక పొదిగిన లోకాలు

సముద్రాలకింకా ఉప్పు పట్టని కాలంలో, కేసరావతిని ఏలే ఒక రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేటంటే ప్రాణం. నడిమివాడికి నిద్రంటే ప్రాణం. చిన్నవాడు జయకేతు మాత్రం కూర్చుంటే లేస్తాడు, లేస్తే తిరుగుతాడు, అన్నం సయించదు.

"నాన్నగారూ, ఈ ఆకాశం అవతల ఇంకో లోకం ఉందా?" అని ఒకటే పోరు.

"ఉంటే వెళ్లి చూసిరా, నా ప్రాణం తీయకు!" అన్నాడు రాజు విసిగి.

జయకేతు నిజంగానే బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ఒక కొండచిలువ గండభేరుండ పక్షి పిల్లను మింగబోతుంటే దాన్ని ఒక్క వేటున నరికాడు. తల్లి పక్షి పరుగున వచ్చింది.

"నా కడుపు నిలిపావు నాయనా! ఏం కావాలి?"

"ఆకాశం చివరికి తీసుకుపో అమ్మా."

పిల్లను కాళ్లతో పట్టుకుని, రాకుమారుణ్ణి వీపున ఎక్కించుకుని ఎగిరింది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. ఆకాశం నీళ్లను తాకేచోట ఒక నల్లరాతి దీవి. అక్కడ గుహ ముందు ఒక రాకుమార్తె ఏడుస్తోంది.

"నా పేరు ఇందుకళ. మా లోకంలో ఇద్దరు చంద్రులు. పింగళాక్షుడనే మాంత్రికుడు పెళ్లాడతానని నన్ను ఎత్తుకొచ్చాడు. వాడి ప్రాణం లోపలున్న చిలుకలో ఉంది."

జయకేతు కత్తి దూసి లోపలికి ఉరికాడు. చిలుక మూడు గుడ్లు పొదుగుతోంది. పెంకుల్లోంచి చుక్కలు మిణుకుమంటున్నాయి.

"కత్తి ఎందుకు రాకుమారా? నేను ఈ గుహ విడిచి ఎగిరిపోతే చాలు, నాతోపాటే వాడి ప్రాణమూ ఎగిరిపోతుంది," అంది చిలుక. "కాని ఒక్కో గుడ్డూ ఒక్కో లోకం. నేను లేస్తే చల్లబడిపోతాయి. ఇందుకళ లోకం ఈ నడిమి గుడ్డే, ఆమె అమ్మానాన్నలు ఇందులోనే ఉన్నారు."

బయట మాంత్రికుడి అడుగుల చప్పుడు. జయకేతుకు కాళ్లు నిలవలేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, గుహ బయటికి తల పెట్టి అరిచాడు.

"అమ్మా! పరాయి గుడ్లు పొదుగుతావా?"

"గుడ్డు ఎవరిదైతేనేం నాయనా? నా పిల్ల పక్కన ఇవీ ఉంటాయి," అంటూ గండభేరుండం లోపలికి దూరి గుడ్ల మీద రెక్క కప్పింది. చిలుక రివ్వున ఎగిరింది. మంత్రదండం ఎత్తి వస్తున్న పింగళాక్షుడు నరికిన మానులా కూలాడు.

వాడి మాయ విడిపోయి నడిమి గుడ్డులో వెలుగు వాకిలి తెరుచుకుంది. అందులోంచి ఇందుకళ తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చి కూతుర్ని వాటేసుకున్నారు. పెళ్లి ఒకసారి ఇద్దరు చంద్రుల కింద, ఒకసారి కేసరావతిలో జరిగింది.

పెళ్లిపందిట్లో వాలిన చిలుకను జయకేతు అడిగాడు: "మనమూ గుడ్డులోనే ఉన్నామా? మనల్ని పొదిగేదెవరు?"

"ఎవరూ పొదగకపోతే ఇంత వెచ్చగా ఎలా ఉన్నావయ్యా?" అంది చిలుక.

జయకేతు ఇందుకళ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రెండు లోకాలూ తిరుగుతూ, పిల్లాపాపలతో వాళ్లు చిరకాలం ఏలారు. వాళ్ల లోకంలో వాళ్లు క్షేమం, మన లోకంలో మనం క్షేమం.