జాయింట్ చెలమ

ఆ వేసవిలో బొంతవాగు అడుగంటా ఎండిపోయింది. అడవిలో నోరున్న ప్రతి జీవీ ఇసుక వాసన చూసుకుంటూ తిరుగుతోంది. అడవిపంది నల్లక్కకు అయిదుగురు పిల్లలు. అందరిలోకీ చిన్నది బుడ్డి, రెండు రోజులుగా లేచి నిలబడలేకపోతోంది. ఇంక నీళ్లు దొరకకపోతే అది దక్కదు. అందుకే తెల్లవారగానే నల్లక్క వాగు మలుపులో చెలమ తవ్వడం మొదలెట్టింది. చెమ్మ ఉన్నది ఆ మలుపులోనే.

మోకాలి లోతు తవ్వేసరికి నక్క వచ్చింది. కొన్నాళ్లు పట్నంలో ఏదో ఆఫీసు గోడ వెనక కాపురముండి వచ్చిన నక్క అది. అప్పట్నుంచి దాని కాలు నేల మీద ఆనడంలేదు.

"ఒంటరిగా ఎందుకక్కా పాట్లు? దీన్ని జాయింట్ చేసుకుందాం."

"అంటే ఏంట్రా తమ్ముడూ?"

"ఇంగ్లీషు మాట. పట్నంలో పెద్ద పెద్ద కాగితాల మీద రాస్తారు. ఇద్దరికీ కలిపి అని అర్థం. పేరు జాయింట్, నీళ్లు జాయింట్."

"మరి పనో?"

"అదీ జాయింటే. నువ్వు తవ్వు. చిరుత రాకుండా నేను గట్టు మీద కాపలా ఉంటా."

చిరుత పేరు వినగానే నల్లక్క పిల్లల వైపు చూసుకుని సరేనంది. కొమ్మ మీద కాకి విన్నది. ఆ అడవిలో కాకి ఎదుట ఇచ్చిన మాట ఎవరూ దాటరు.

నల్లక్క ముట్టె పగిలి నెత్తురు కారేదాకా తవ్వింది. కాపలా నక్క నీడలో గురకపెట్టింది. నీళ్లు ఊరిన చప్పుడుకు మాత్రం ఒక్క గెంతులో వచ్చి ముందు మూతిపెట్టింది. తాగింది చాలక బావమరుదులు నలుగురినీ పిలిచింది.

"నా సగంలో నా వాళ్లు తాగితే తప్పేంటక్కా?"

సొమ్మొకడిది, సోకొకడిది. పంది పిల్లలకు చివరికి బురద మిగిలింది. బుడ్డి ఆ బురదే నాకింది.

"నేను పక్కన ఇంకో చెలమ తవ్వుకుంటాను" అంది నల్లక్క.

"కుదరదు. మలుపంతా జాయింట్. ఒకరు ఒప్పుకోకుండా ఇంకొకరు ఏమీ చెయ్యకూడదు. అదే దాని అర్థం. నేను ఒప్పుకోను."

నల్లక్కకు ఒళ్లు మండిపోయింది. ఒక్క పోటు పొడిస్తే తీరిపోయేది, కానీ మాట ఇచ్చింది. నక్క మీద ఎంత కోపమో, అర్థం తెలియని మాటకు తలూపిన తన మీద అంతకు రెట్టింపు కోపం. రోజంతా పళ్లు నూరుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నకు ఇసుక జారి చెలమ పూడిపోయింది. చెలమ అన్నాక ఏ రోజుకారోజు తోడుకోవాల్సిందే. నక్క బావమరుదులతో దిగింది.

"తవ్వక్కా, వీళ్ల గొంతులు ఎండుతున్నాయి."

"ఒప్పుకోను."

"అదేంటి?"

"ఇద్దరూ ఒప్పుకోవాలన్నావుగా. నిన్నటి అర్థం ఇవాళ మారిందేంట్రా?"

"అయితే నేనే తవ్వుకుంటా."

"దానికీ ఒప్పుకోను."

బావమరుదులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నక్కకు తల కొట్టేసినట్టయింది.

"సరే, జాయింట్ రద్దు. పంచుకుందాం. నిన్నటి గుంట ఉన్న కింది వైపు నాది, పై వైపు నీది." నిన్న నీళ్లు పడ్డ చోటే కొట్టేశానని లోపల మురిసిపోయింది.

"కాకీ, విన్నావా?" అంది నల్లక్క.

"విన్నా" అంది కాకి.

నల్లక్క పైకి వెళ్లి తవ్వింది. మూతి వెడల్పుగా, ఏటవాలుగా, అంచున రాళ్లు ఒత్తుకుంటూ తవ్వింది. మధ్యాహ్నానికి నీళ్లు ఊరాయి. బుడ్డి కడుపు నిండా తాగి, మూడు రోజుల తర్వాత తన కాళ్ల మీద నిలబడింది.

కింద నక్క నిట్టనిలువుగా తవ్వింది. ఇసుక జారింది. మళ్లీ తవ్వింది, మళ్లీ జారింది. ఎలా తవ్వాలో కాపలానాడు ఒక్కసారి కళ్లు తెరిచి చూస్తే తెలిసేది. మూడోసారి మెడదాకా ఇసుకలో కూరుకుపోయింది. బావమరుదులు చెప్పకుండానే జారుకున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"అక్కా, పైకి లాగు. పాతదంతా మర్చిపోదాం. మళ్లీ జాయింట్..."

నల్లక్క దాని మెడ పట్టి లాగి గట్టు మీద పడేసింది. "ఆ మాట ఇంకోసారి నా ఎదుట ఎత్తావంటే ఈసారి పాతేస్తా. అదుగో రాళ్లు. నా చెలమ అంచుకు మొయ్యి. మోసినవాడికి గుటకెడు పోస్తా."

నక్క నాలుక బయటపెట్టుకుని పొద్దుగూకేదాకా రాళ్లు మోసింది. గట్టు మీద నుంచి బుడ్డి కాపలా కాసింది.

చెమట కలవని చోట ఉమ్మడి అంటే దోపిడే.