ముక్కుపొడుం డబ్బీ బరువు

చింతలదుర్గం రాజు వసంతరాయుడికి ఉన్నట్టుండి కండల పిచ్చి పట్టింది.

దానికి కారణం పొరుగు రాజ్యపు రాయబారి. సెలవు తీసుకుంటూ సభను ఒకసారి కలయజూసి, "తమ కొలువులో పొట్టలు దండిగా ఉన్నాయి ప్రభూ, ఛాతీలే కనబడవు" అని ఒక మాట విసిరిపోయాడు. రాజు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడే ఆజ్ఞ వేశాడు. సభలో వాళ్ళంతా రోజూ తాలింఖానాకు వెళ్ళి సాము చెయ్యాలి. విజయదశమినాడు అందరి ఎదుటా రాతిగుండు ఎత్తాలి. కదిలించలేనివాడికి కొలువు లేదు.

వేంగన్న గుండె జారిపోయింది. రాజుకు సలహాలు చెప్పే మాటకారి అతను. ఒంట్లో బలమంతా నాలుకకే చేరింది. మిగతా అవయవాలు దాని సంపాదన మీద బతుకుతున్నాయి.

"గాలి వీస్తే నన్ను పట్టుకోవడానికి మా ఆవిడ పక్కనుండాలి ప్రభూ. నేనెక్కడ, గుండెక్కడ!"

"అయితే ఆవిడనే పంపు. కొలువు ఆవిడకే ఇస్తాను" అన్నాడు రాజు.

తాలింఖానాకు పెద్ద, భైరప్ప వస్తాదు. అతని కంటే ముందు అతని ఛాతీ నడిచేది. కుడికాలికి రాజు బహూకరించిన గండపెండేరం ఉండేది. అది నలుగురి కంటా పడాలని ఆ కాలు కాస్త ముందుకు చాపే నిలబడేవాడు.

అతనిదొక పద్ధతి. కొత్తవాణ్ని ముందుగా గోడకు నిలబెట్టేవాడు. వీపు గోడకు ఆనాలి, మడమలు గోడను వదలకూడదు, మోకాళ్ళు వంగకూడదు. కదిలితే బెత్తం. "ఇది భైరప్ప నిలువు! ఇలా నిలబడ్డవాడికి ఏ బరువైనా దూదిపింజే" అనేవాడు. తాను మాత్రం ఏనాడూ ఆ గోడ దగ్గరికి పోలేదు. గురువుకు గోడేమిటి?

వేంగన్న దండీలకు దిగితే నేలకు చేరడమే గానీ లేవడం ఉండేది కాదు. బస్కీలు తీస్తే మోకాళ్ళు పటపటమనేవి. బాదంపాలు తాగాడు, సున్నుండలు తిన్నాడు. కండ రాలేదు గానీ అజీర్తి వచ్చింది. అయినా రోజూ పొద్దున్నే భార్య ముందు చెయ్యి మడిచి చూపించేవాడు.

"అదుగో, కదులుతోంది చూడు తిరుమలా!"

"అది నరం అండీ" అనేది ఆవిడ జాలిగా.

ఒకరోజు గోడకు నిలబడి ఉండగా అతని నడుముకు దోపుకున్న ముక్కుపొడుం డబ్బీ జారి కాళ్ళ ముందు పడింది. పొడుం లేనిదే అతనికి పూట గడవదు. నిలువు చెడకుండా మెల్లగా వంగాడు. అంతే! బోర్లాపడి ఎర్రమట్టిలో ముక్కు గుచ్చుకున్నాడు.

భైరప్ప పడీపడీ నవ్వాడు. "డబ్బీ ఎత్తలేనివాడివి గుండేం ఎత్తుతావయ్యా! ఇప్పట్నుంచే వేరే ఊళ్ళో కొలువు వెతుక్కో."

వేంగన్నకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు మళ్ళీ వంగి చూశాడు, మళ్ళీ పడ్డాడు. ఆపైన, వస్తాదు లేని వేళ చూసి, కావాలనే వంగి కావాలనే పడ్డాడు. ముక్కు వాచింది గానీ ముఖం వెలిగింది.

విజయదశమి రానే వచ్చింది. రాజు తాలింఖానాలోనే పీఠం వేయించుకుని కూర్చున్నాడు. మంత్రి, సేనాపతి మూలుగుతూ గుండును మోకాలిదాకా లేపి, బతుకు జీవుడా అనుకున్నారు. వేంగన్న వంతు వచ్చింది. గుండును కావలించుకున్నాడు. బతిమాలాడు. తిట్టాడు. అది కదల్లేదు.

"ఇక ఇతని కొలువు మాట ఏలినవారు..." అని భైరప్ప అందుకున్నాడు.

"ఒక్క మనవి ప్రభూ" అన్నాడు వేంగన్న చెమట తుడుచుకుంటూ. "నేను పనికిమాలినవాణ్నే, కాదనను. కానీ వస్తాదుగారు ఎత్తలేని బరువూ ఒకటుంది. దాన్ని ఆయన ఎత్తితే ఈ పూటే ఊరు విడిచిపోతాను."

భైరప్ప మీసం దువ్వాడు. "నేను ఎత్తలేని బరువా? అలాంటిది ఉంటే ఈ గండపెండేరం ఊడదీసి నీ కాలికి తొడుగుతా. ఏమిటది, పట్టపుటేనుగా?"

"నా ముక్కుపొడుం డబ్బీ."

సభంతా గొల్లుమంది. రాజు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎత్తడం మాత్రం మీ నిలువులోనే. ఏ బరువైనా దూదిపింజ అన్నారుగా."

భైరప్ప ఠీవిగా వెళ్ళి వీపు, మడమలు గోడకు ఆనించాడు. వేంగన్న డబ్బీని అతని కాళ్ళ ముందు పెట్టి, మర్యాదగా పక్కకు జరిగాడు.

వస్తాదు వంగాడు. తూలి, తమాయించుకున్నాడు. మళ్ళీ వంగాడు. ఈసారి ఆ ఛాతీయే అతణ్ని ముందుకు లాగేసింది. దబ్బున వెళ్ళి డబ్బీ మీదే పడ్డాడు. మూత ఊడి పొడుమంతా ముక్కులోకి పోయింది. ఆ తుమ్ములకు చూరు మీది పావురాలు లేచిపోయాయి.

రాజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదేం మాయ, వేంగన్నా?"

"మాయ కాదు ప్రభూ. ముందుకు వంగేవాడు నడుము వెనక్కి పోనివ్వాలి. గోడ పోనివ్వదు. ఏనాడూ గోడకు నిలబడలేదు గనక వస్తాదుగారికి ఈ సంగతి తెలియదు. పడటంలో నన్ను మించినవాడు రాజ్యంలో లేడు గనక నాకు తెలిసింది!"

"నీ కొలువు నీదే" అన్నాడు రాజు. "భైరప్పా, మాట నిలబెట్టుకో."

భైరప్ప తుమ్ముతూనే గండపెండేరం తీసి వేంగన్న కాలికి తొడిగాడు. వేంగన్న దర్జాగా ఆ కాలు ముందుకు చాపి, నలుగురికీ చూపిద్దామని నడుము కంటే ఎత్తుకు లేపాడు. పెండేరం జర్రున జారి తొడదాకా వచ్చి కూచుంది.

అతను దాన్ని చూశాడు. తన పిక్కను చూశాడు. భైరప్పకు చేతులు జోడించాడు.

"వస్తాదుగారూ, ఇది చీలమండ దగ్గర నిలవాలంటే పిక్కల్లో కండ ఉండాల్సిందే. రేపు ఏ వేళకు రమ్మంటారు?"

"తెల్లారగట్లే రండి వేంగన్నగారూ" అన్నాడు భైరప్ప ముక్కు తుడుచుకుంటూ. "ఈలోగా నేను ఆ గోడ పడగొట్టిస్తాను."

ఈసారి అందరికంటే పెద్దగా నవ్వింది వాళ్ళిద్దరే.