కంబగిరి గడప

ప్రశ్న అడిగినవాణ్ణి నడిపించడం రుద్రముని స్వామికి అలవాటు. జవాబు ఎక్కడో ఆమడ దూరంలో ఉన్నట్టు కర్ర అందుకుని బయల్దేరేవారు. అందుకే మఠంలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లెవరూ ఆయనను సందేహాలు అడిగేవారు కారు.

శిష్యుడు శరభయ్యకు మాత్రం ఆ రోజు అడగక తప్పలేదు. ఊరూరా తిరిగి, ఏ పుస్తకానికీ ఎక్కని పల్లెల కథలు విని, వాటిని నలుగురికీ చెప్పడం అతని పని. ముందురోజు ఒక ఊరి చావడిలో, ఆ ఊరికి బావి తవ్వుతూ మట్టి మీద కూలి వంశం లేకుండా పోయిన ఒక వలస కుటుంబం కథ ఎత్తుకోగానే ఒక పెద్దమనిషి అడ్డం తగిలాడు. "మా ఊరి కథ చెప్పేదానికి నువ్వెవరయ్యా? నీదే ఊరు? ఎవరి బిడ్డవు?" పసికందుగా మఠం వాకిట దొరికినవాడు ఏ ఊరని చెబుతాడు? తలవంచుకుని వచ్చేశాడు.

"స్వామీ, ఊరే లేనివాణ్ణి. ఇంకొకరి ఊరి కథ చెప్పే హక్కు నాకుందా? లేదంటే ఈ పూటతో మానుకుంటాను" అన్నాడు. లోకంలో తనొక్కడే ఏకాకి అనిపించింది.

స్వామి కర్ర అందుకున్నారు.

నడివేసవి. కృష్ణమ్మ వెనక్కి తగ్గి, ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన నందిమడుగు ఊరు సగం బయటపడింది. స్వామి అతణ్ణి అక్కడికే నడిపించారు. పైకప్పుల్లేని మొండిగోడలు, రాతి గడపలు, బీటలు వారిన ఒండ్రు తప్ప ఏమీ లేవు. ఏటా ఈ నాలుగు రోజులూ ఊరివాళ్లు వచ్చి, ఎవరి గడప వాళ్లు కడిగి, పసుపు రాసి, కాసేపు కూర్చుని పోతారు. ఆ మధ్యాహ్నం ఉసేనమ్మ అనే ముసలమ్మ ఒక్కతే ఉంది. నడుము వంచి ఒక గడప మీది ఒండ్రును చీపురుకట్టతో గీకుతోంది.

నందిమడుగు కథ శరభయ్యకు ఇంటింటి వరసతో సహా తెలుసు. ఉండబట్టలేకపోయాడు.

"అవ్వా, పొరబడ్డావు. ఇది కంబగిరి వాళ్ల ఇల్లు."

ఉసేనమ్మ తల ఎత్తలేదు. "నాకు తెల్దా నాయనా? మాది పల్లంలో. అద్దో, నీళ్లమీద ఆ కొంగ తిరుగుతాందే, ఆడ. ఊరు మునిగినకాడి నుంచి ఒక్క ఎండాకాలమూ బయటపడలేదు. ఇంగ నా కంట పడదు." కాస్త ఊపిరి తీసుకుంది. "కంబగిరి పెండ్లానికీ నాకూ గోడ కాడ తగువై, సచ్చేదాకా మాటల్లేవు. ఇప్పుడా ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు. అందరి గడపలూ పచ్చగుండి ఇదొకటే బోడిగుంటే చూడలేకపోతిని. నిలబడి చూస్తావేంది, ఆ చెంబుతో నీళ్లు తే."

శరభయ్య తెచ్చి పోశాడు. ఆమె పసుపు రాసింది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. గడపకు ఈవలే చతికిలబడి, పల్లంలోని నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం చూసి శరభయ్యకు ఏడుపు ఆగలేదు.

తిరుగు దారిలో మళ్లీ అడిగాడు. "స్వామీ, మరి నా హక్కు సంగతి..."

"నీకేం హక్కని ఆ అవ్వను అడిగేందుకు కంబగిరి వాళ్లలో ఒక్కరైనా మిగలాలి కదా, నాయనా" అన్నారు స్వామి.