నూకాలు ఎలుగు ఒంటికాలి పరీక్ష

అనగనగా కొండల మధ్య ఒక అడవి. ఆ అడవిలో నూకాలు అనే తల్లి ఎలుగుబంటి ఉండేది. దానికి ఒక కూతురు జుంటి, ఒక కొడుకు గున్నడు. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి. పులులు తిరిగే అడవి కదా. పిల్లలకు తల్లి వీపు కంటే భద్రమైన చోటు ఇంకొకటి లేదు.

ఒకరోజు నూకాలు తేనెపట్టు కోసం చెట్టెక్కింది. దిగేటప్పుడు తొందరపడి దూకింది. వెనక కాలు రాయి మీద పడి పక్కకు మడత పడింది. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది.

కోతి పరిగెత్తుకొచ్చింది. "కాలు ఇలా ఇవ్వు వదినా. ఒక్క లాగు లాగితే బెణుకు పోతుంది" అంది. అడవిలో ఎవరికి కాలు బెణికినా లాగడానికి కోతి ముందుంటుంది. ఆ తర్వాత నెల రోజులు కుంటడం మాత్రం బెణికినవాళ్ల వంతు.

నూకాలు కాలు ఇవ్వబోయింది. ఇంతలో కొంగ తెల్లయ్య తాత వచ్చి ఆపాడు. లోకం కొంగ జపం అని ఎగతాళి చేస్తుంది గానీ, కాళ్ల సంగతి కొంగకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రోజంతా ఒంటికాలి మీద నిలబడేది అదే మరి.

"లాగొద్దు. ముందు ఎముక సంగతి తేలాలి" అన్నాడు తాత. చీలమండకు రెండు పక్కలా ఉన్న ఎముక గుబ్బల వెనక ముక్కుతో మెల్లగా నొక్కాడు. "ఇక్కడ నొప్పా?"

"లేదు తాతా. దాని కింద, మెత్తగా ఉన్నచోట ప్రాణం పోతోంది."

"నాలుగడుగులు వెయ్యి."

నూకాలు కుంటుతూ నాలుగడుగులు వేసింది.

"ఎముక విరిగినట్టు లేదు. ఎముకల్ని కలిపి పట్టుకునే నారలు సాగి, కొంచెం తెగాయి. అవి అతుక్కోవాలి, తర్వాత బలం పుంజుకోవాలి" అన్నాడు తాత.

వాగు చల్లనీళ్లలో కాలు పెట్టించాడు. మెత్తని చెట్టునారతో కట్టు కట్టించాడు. కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకోమన్నాడు. మూడో రోజు నుంచి మాత్రం ఊరికే పడుకోనివ్వలేదు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించమన్నాడు. కొన్నాళ్లకు మునివేళ్ల మీద లేచి దిగమన్నాడు.

పదిహేను రోజులకు వాపు పోయింది, నొప్పీ పోయింది. "ఇక పిల్లల్ని ఎక్కించుకోనా తాతా?" అని అడిగింది నూకాలు.

"బెణికిన కాలు ఒక్కదాని మీదే నిలబడు. ముప్పై లెక్కపెడతాను."

ఏడు అనేసరికే నూకాలు తూలి చతికిలబడింది. కోతి నవ్వింది. తాత నవ్వలేదు. "నొప్పి పోయింది గానీ పట్టు రాలేదు. ముప్పై దాకా నిలిస్తే ఒక పిల్లను ఎక్కించుకో. ఆ తర్వాత ఈ పక్కనున్న బండ మీంచి దూకి తూలకుండా నిలిస్తే ఇద్దర్నీ ఎక్కించుకో" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వాగు అవతలి కొండ మీద ఇప్పపూలు రాలడం మొదలైంది. మిమ్మల్ని మిఠాయి కొట్టు ముందు నిలబెడితే ఎలా ఉంటుందో, ఎలుగుబంటికి ఆ వాసన తగిలితే అలా ఉంటుంది. "నొప్పి లేని కాలికి పరీక్షలేమిటి వదినా" అంది కోతి. నూకాలుకు ఆ మాట తియ్యగా వినబడింది. "కాలు బాగైంది, ఎక్కండి" అని ఇద్దర్నీ వీపు మీద ఎక్కించుకుని బయలుదేరింది.

వాగులో మొదటి బండ దాటింది. రెండో బండ దాటింది. మూడో బండ మీద పాచి ఉంది. పాదం కొంచెం ఒరిగింది. ఆ ఒరుగును ఆపుకునే పట్టు కాలికి లేదు. చీలమండ మళ్లీ మడత పడింది. గున్నడు తల్లి జుట్టు పట్టుకుని వేలాడాడు. జుంటి బండ మీంచి దొర్లుకుంటూ పోయి మడుగులో పడింది.

మడుగు పది అడుగుల దూరం కూడా లేదు. నూకాలు లేవబోయి పడింది. మళ్లీ లేవబోయి పడింది. కాలి నొప్పి కంటే, అంత దగ్గరున్న బిడ్డను అందుకోలేకపోవడమే దాన్ని ఎక్కువ ఏడిపించింది. చివరికి పొట్ట మీద పాకుతూ వెళ్లి, మునిగిపోతున్న జుంటిని ఒడ్డుకు లాగింది.

ఈసారి నారలు ఎక్కువ తెగాయి. ఇప్పపూలన్నీ రాలి మట్టిలో కలిసిపోయాయి. నూకాలు మొదటి రోజు పని నుంచి మళ్లీ మొదలుపెట్టింది. మూడు నెలలకు ముప్పై దాకా నిలిచింది. బండ మీంచి దూకి, తూలకుండా నిలిచింది. "ఇక ఇద్దర్నీ ఎక్కించుకో" అన్నాడు తాత.

నూకాలు సంతోషంగా వీపు వంచింది. గున్నడు గబగబా ఎక్కేశాడు. జుంటి ఎక్కలేదు.

"నేను నడుస్తానమ్మా" అంది.

"కాలు బాగైంది తల్లీ."

"అప్పుడూ బాగైందనే చెప్పావు కదమ్మా."

నూకాలు జుంటి పక్కనే మెల్లగా నడిచింది. కాలు నయం కావడానికి మూడు నెలలు పట్టింది. జుంటి మళ్లీ ఆ వీపెక్కడానికి చలికాలం దాకా పట్టింది.

నీతి: నొప్పి తగ్గగానే నయమైపోయిందనుకోకూడదు. మనం తొందరపడితే, మనల్ని నమ్ముకున్నవాళ్లు కూడా పడతారు.