మీసాల మంత్రసాని

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడుతున్నానంటే ఆ రాజ్యం పేరు తెలియక కాదు. చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ తలెత్తుకోలేరని ఊరుకుంటున్నాను.

ఆ రాజ్యాన్ని రణసింగ భూపాలుడు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కాకపోతే తనకు తోచిన ఆలోచన లోకంలో ఇంకెవరికీ తోచి ఉండదని ఆయనకు గట్టి నమ్మకం. కొలువులో ఉద్యోగాలన్నీ సిఫారసులకే పోతున్నాయని ఎవరో మొరపెట్టుకుంటే, ఏడేళ్ల కిందట ఆయనకు ఒక ఆలోచన తోచింది. ఏ పనికైనా సరే, పరీక్ష పెట్టాలి. ఇరవై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు నాలుగు తాటాకుల మీద రాసి, వరసగా నాలుగు మేకులకు తగిలిస్తారు. చదువరి ఒకడు వాటిని పైకి చదువుతాడు. పరీక్షకు వచ్చినవాళ్లు వాటిలో ఒక ఆకు తీసి కుండలో వేయాలి. ఇరవైకి ఇరవై సరైనవి వేసినవాళ్లకే ఉద్యోగం. ‘ఇందులో కులము, వయస్సు, ఆడ, మగ అను భేదము లేదు’ అని కోటగుమ్మం దగ్గర రాతి మీద చెక్కించాడు కూడా.

ప్రశ్నలు తయారుచేసే పని త్రివిక్రమ దీక్షితులు గారిది. ఆయనకు ‘ప్రశ్నకేసరి’ అని బిరుదు. మావటికి పరీక్ష పెట్టేది ఆయనే, వంటవాడికి పెట్టేదీ ఆయనే. ఏనుగును ఏ పక్కనుంచి ఎక్కుతారో ఆయనకు తెలియదు, పొయ్యి రాజేయడం అసలే రాదు. అయినా సరైన జవాబు ఏదో ఆయనొక్కడికే తెలుసు.

ఆ ఏడు రాజుగారి ఒక్కగానొక్క కూతురు హేమాంబ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. కోటలో మంత్రసాని అంటే నాంచారమ్మే. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు ఆమె చేతుల్లోనే మొదటి కేక పెట్టారు. హేమాంబ కూడా అంతే.

“నాంచారవ్వ పక్కనుంటే నాకేం భయం లేదు” అని హేమాంబ తండ్రితో చెప్పింది.

దీక్షితులు అడ్డుపడ్డాడు. “రాణివాసంలో మంత్రసానితనం కూడా ఉద్యోగమే కదా ప్రభూ. శాసనం శాసనమే.”

“అవునవును. ఊరికొక న్యాయం, మా ఇంటికొక న్యాయమా?” అని రాజు తన ధర్మబుద్ధికి తానే మురిసిపోయాడు.

పరీక్ష రోజున నాంచారమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి సభ మధ్య నిలబడింది. చదువరి గొంతు సవరించుకున్నాడు. “కడుపులో బిడ్డ అడ్డము తిరిగినచో మంత్రసాని మొదట చేయవలసినదేమి?” అని అడిగి, నాలుగు ఆకులూ చదివాడు.

“తొలిచూలా, మలిచూలా సామీ?” అని అడిగింది నాంచారమ్మ.

“అది ప్రశ్నలో లేదు.”

“ఉమ్మనీరు పోయిందా, ఉందా?”

“అదీ లేదు.”

“అవేవీ లేకుండా, చెయ్యి పెట్టి చూడకుండా ఎట్టా చెప్పేది? ఒక్కో తల్లికి ఒక్కో మాదిరి చెయ్యాల.”

“ఒక్కో మాదిరి అనే ఆకు ఇక్కడ లేదు. ఉన్న నాలుగింటిలో ఒకటి తియ్యి” అన్నాడు దీక్షితులు. సభంతా నవ్వింది.

ఆమె ఏదో ఒకటి తీసింది. తప్పయింది. నొప్పులు పడే స్త్రీని ఏ దిక్కుకు తల పెట్టించి పడుకోబెట్టాలి అని ఇంకో ప్రశ్న. “పడుకోబెట్టేదేంది సామీ, నడిపించాల గదా!” అంది. అదీ తప్పే. చివరికి ఇరవైకి మూడు వచ్చాయి.

“మూడంటే మూడే ఆకులు!” అని దీక్షితులు కుండ ఎత్తి అందరికీ చూపించాడు. “ఈ మూడాకుల మంత్రసాని చేతిలోనా ప్రభూ, మనం రాజకుమార్తెను పెట్టబోయింది?”

రాజు కూడా పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తన కూతురికి బొడ్డు కోసిన మనిషిని, తల నెరిసిన మనిషిని, నిండు సభలో నిలబెట్టి నవ్వాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. నాంచారమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని వెళ్లిపోయింది.

వచ్చిన తక్కిన మంత్రసానులూ తప్పారు. ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ పరీక్ష అని దీక్షితులు చాటించాడు.

ఆ సభలో నవ్వనివాడు ఒక్కడే. అతని పేరు కొండుభట్టు. చిత్రమేమిటంటే రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. అందరూ వెళ్లాక కొండుభట్టు కుండ పక్కన చతికిలబడి, ఆకులన్నీ నేల మీద పరుచుకుని చూశాడు. చూసేకొద్దీ అతనికి కోపం పెరిగింది.

దీక్షితులకు తోటి పండితులంటే మహా భయం. తను సరైనదన్న జవాబులో ఎవరైనా తప్పు పడతారేమోనని, దానికి ‘సామాన్యముగా’, ‘దేశకాలములను బట్టి’, ‘పెద్దల అనుమతితో’ అంటూ తోకలు తగిలించేవాడు. అందుకు ఆకు పొడుగ్గా కోయాల్సి వచ్చేది. తప్పు జవాబును ఎవరూ తప్పుపట్టరు కదా, వాటిని జానెడు ముక్కల మీద గిలికి పారేసేవాడు. ఇరవై ప్రశ్నల్లో పదహారింటికి పొడుగాకే సరైనది.

కొండుభట్టు నేరుగా నాంచారమ్మ ఇంటికి వెళ్లాడు. “అవ్వా, కిటుకు దొరికింది. ఒక్క పూటలో నేర్పేస్తాను. ఈసారి పరీక్షలో ఇరవైకి ఇరవై నీవే.”

నాంచారమ్మ చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండానే అంది. “అంటే ఆకు పొడుగు చూసి నేను మంత్రసాని అయిపోవాల్నా?”

“ఉద్యోగం వస్తుందవ్వా.”

“అయ్యోరూ, నాకు పని వచ్చు. అది రాదని నవ్వినారు. ఇప్పుడు దొంగదారిన పోయి వచ్చని అనిపించుకుంటే, వాళ్లు నవ్వింది నిజమైపోదా? నేను రాను. హేమమ్మను ఎవరి చేతుల్లో పెడతారో ఏమో.” అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొండుభట్టు అక్కడినుంచి తాలింఖానాకు వెళ్లాడు. అక్కడ మైలారి అనే వస్తాదు గోదాలో మట్టి తవ్వుతున్నాడు. ఆరడుగుల మనిషి, చెవులదాకా మీసాలు. అక్షరం ముక్క రాదు.

“మైలారీ, నువ్వు మంత్రసాని పరీక్షకు కూర్చోవాలి” అన్నాడు కొండుభట్టు.

మైలారి పార కింద పడేశాడు. “ఎగతాళి చేయకండి అయ్యగారూ. నా పెళ్లాం నీళ్లాడేటప్పుడు నేను ఊళ్లోనే లేను.”

“అందుకే నువ్వు కావాలి. విను. నాలుగు ఆకుల్లో ఏది పొడుగ్గా ఉంటే అది తీసి కుండలో వెయ్యి.”

“రెండు సమానంగా ఉంటే?”

“చదువరి చదివేటప్పుడు చెవి ఒగ్గి ఉండు. ‘ఎల్లప్పుడూ’ అనో ‘ఎన్నడూ’ అనో వినబడితే ఆ ఆకు జోలికి పోకు. పంతులు తన మాటను అంత గట్టిగా ఎప్పుడూ చెప్పడు. ‘పైవన్నీ’ అని వినబడితే మాత్రం అదెంత బుల్లి ఆకైనా తీసెయ్యి. తప్పు జవాబులు తోచని రోజునే అది రాస్తాడు.”

“ఏదీ తెలియకపోతే?”

“మూడో మేకు. మొదట్లో పెడితే తేలిగ్గా దొరుకుతుందని, చివర పెడితే అశుభమని అతని బెంగ.”

ఎనిమిదో రోజున మైలారి ఒంటికి నూనె పట్టించి, మీసం దువ్వుకుని సభలోకి వచ్చాడు. ఏ పరీక్షకు వచ్చాడో తెలిసి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దీక్షితులు మండిపడ్డాడు. “ఇది రాజసభా, వీధిభాగోతమా? మగవాడు మంత్రసాని ఏమిటి?”

“దీక్షితులుగారూ, శాసనం శాసనమే అన్నది తమరే. కోటగుమ్మంలో ఆడ, మగ భేదం లేదని ప్రభువులు చెక్కించారు. చెరిపించమంటారా?” అన్నాడు కొండుభట్టు.

తను చెక్కించిన మాటను చెరిపించడమనేసరికి రాజుకు ఎక్కడలేని రోషం వచ్చింది. “రానివ్వండి. ఏం తెలుసో చూద్దాం” అన్నాడు.

మైలారి మేకుల ముందు నిలబడ్డాడు. మొదటి ప్రశ్నకు పొడుగాకు. సరైనదే. రెండోదానికి పొడుగాకు. సరైనదే. ఐదో ప్రశ్న దగ్గర రెండు ఆకులు సరిసమానం కాగా, ‘ఎల్లప్పుడూ’ వినబడింది. ఆ ఆకును పామును చూసినట్టు చూసి, రెండోది తీశాడు. సరైనదే. పదో ప్రశ్నకు వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. పదిహేనుకు దీక్షితులకు నుదుట చెమట పట్టింది. ఇరవయ్యోదానికి మైలారికి ఏ దారీ కనబడలేదు. ఒక్క క్షణం మీసం మెలేసి, మూడో మేకు మీద చెయ్యి వేశాడు.

కుండ బోర్లించి లెక్కబెట్టారు. ఎన్నిసార్లు లెక్కబెట్టినా ఇరవైకి ఇరవై. ఆ మాట దీక్షితులు తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడు అంతఃపురం నుంచి దాసి పరుగెత్తుకొచ్చింది. “ప్రభూ, అమ్మాయిగారికి నొప్పులు మొదలైనాయి. ఎదురుకాళ్లలాగుందని రాణిగారు భయపడుతున్నారు. మంత్రసానిని తొందరగా పంపమంటున్నారు!”

“ఇంకేం, మంత్రసాని సిద్ధంగా ఉన్నాడు. మైలారీ, పద” అన్నాడు కొండుభట్టు.

మైలారి ఒక్క అంగలో వెళ్లి రాజు కాళ్ల మీద పడ్డాడు. “మహాప్రభో, నన్ను పంపకండి! నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. నాకేం తెలియదు, పొడుగాకులు తీశానంతే!”

“పొడుగాకులేమిటి?” అని రాజు అరిచాడు.

కొండుభట్టు మొదటి ప్రశ్న ఆకులు నాలుగూ ఏరి తెచ్చి పక్కపక్కన పట్టి చూపించాడు. చదవాల్సిన పనే లేకపోయింది.

“ముందు నాంచారమ్మను పిలవండి!” అన్నాడు రాజు.

“ఎలా పిలుస్తాం ప్రభూ? ఆమెకు వచ్చింది ఇరవైకి మూడు” అన్నాడు కొండుభట్టు.

“శాసనం గంగలో కలవనీ! పల్లకి పంపండి! నేనే వస్తాను!”

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. రాజైనా అంతే. నిజంగానే బయలుదేరాడు. కానీ పల్లకి వీధి మలుపు తిరగకముందే నాంచారమ్మ ఎదురొచ్చింది. కబురు ఊరంతా పాకింది, ఆమె ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. రాజును చూసి దండం కూడా పెట్టకుండా, ఆయన వెంట వచ్చిన దాసినే అడిగింది. “నొప్పులెప్పటినుంచి? నీళ్లు పోయినాయా? పిల్ల నడుస్తోందా, పడుకుందా?”

దాసి చెప్పిన ఒక్కో జవాబుకూ ఆమె నడక వేగం పెరిగింది. పురిటిగది తలుపు మూసుకుంది. రాజు బయట నిలబడ్డాడు. లోపల కూతురు అరిచినప్పుడల్లా ఆయన గోడ పట్టుకునేవాడు. రెండు ఘడియల తర్వాత సన్నని ఏడుపు వినబడింది.

“కాళ్లతోనే వచ్చింది బంగారుతల్లి. ఇద్దరూ బాగుండారు” అని నాంచారమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

రాజు మెడలోని హారం తీయబోయాడు. ఆమె వద్దంది. “ఇదేం వద్దు దొరా. మూడాకుల మంత్రసాని అని నన్ను నిండు సభలో నవ్వినారే, ఆ మాట ఆ సభలోనే వెనక్కి తీసుకోండి. నాకంతే చాలు.”

మర్నాడు సభలో రాజే లేచి నిలబడి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. దీక్షితుల చేత కూడా అనిపించాడు. నాంచారమ్మ తల ఊపి, బాలింతకు పథ్యం వేళయిందని వెళ్లిపోయింది.

అప్పటికి గాని రాజుకు నవ్వు రాలేదు. మీసాల మంత్రసాని తన కాళ్ల మీద పడడం తలుచుకుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ హారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. “ఇంకేం కావాలో కోరుకో!”

“కోరిక కాదు ప్రభూ, ఒక సందేహం” అన్నాడు కొండుభట్టు. అతని ముఖంలో నవ్వు లేదు. “మైలారి నేర్చింది ఒక్క పూటలో. ఈ పరీక్ష ఏడేళ్లుగా జరుగుతోంది. ఈ కొలువులో పొడుగాకు తీసి వచ్చినవాళ్లు ఎంతమందో?”

రాజు నవ్వుతూనే సభను కలయజూశాడు. మావటి నేల చూపులు చూస్తున్నాడు. కోట కట్టే శిల్పి గోడవైపు తిరిగాడు. అందరికంటే వెనక, రాజవైద్యుడు మెల్లగా స్తంభం చాటుకు జరుగుతున్నాడు.

ఆ పొద్దున వైద్యుడు ఇచ్చిన మాత్ర రాజు కడుపులోనే ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఎవరక్కడ! ఆ వైద్యుడిని ఇలా పిలవండి. ఆకులేం వద్దు, నోటితోనే చెప్పమనండి. నాకు ఇచ్చిందేమిటి?” అన్నాడు.